ధ కింద గీతను మింగేసిన ప్రింటర్

నేను ఇంట్లో కూర్చుని ప్రూఫ్ రీడింగ్ చేస్తాను. తెర మీద మూడుసార్లు చదివినా కళ్లబడని తప్పు, కాగితం మీదకి వచ్చి ఎర్ర పెన్ను చేతిలో ఉంటే చటుక్కున దొరికిపోతుంది. చాదస్తం అంటారు మా ఆవిడ. కావచ్చు, కానీ చాలా ఏళ్ల చాదస్తం, ఇప్పుడు పోయేది కాదు. కాబట్టి మా ఇంట్లో ప్రింటర్ మూలన పడి ఉండే వస్తువు కాదు, నా పనిముట్టు. ఆ పనిముట్టు గురించి నాకు ఏమీ తెలియదని మాత్రం ఒక ఫోన్ కాల్‌తో తెలిసింది.

ఒక పుస్తకం ప్రూఫులు దిద్ది పంపాను. రెండు రోజుల తర్వాత ఎడిటర్ గారు ఫోన్ చేసి, "సార్, 'విధానం' అన్నచోట నాలుగుసార్లు గీత పెట్టమని రాశారు, 'బోధన' దగ్గర కూడా అంతే. మా ఫైల్లో ధ సరిగ్గానే ఉందండీ, ఒకసారి చూస్తారా?" అన్నారు, చాలా మర్యాదగా. నా దగ్గరున్న కాగితం తీసి చూస్తే స్పష్టంగా 'విదానం'. ఫైలు తెరిస్తే 'విధానం'. కాసేపు నాకు కళ్లు పోయాయేమో అనుకున్నాను. కాగితాన్ని ఏటవాలుగా వెలుగులోకి పట్టుకున్నాక అర్థమైంది. పేజీకి అడ్డంగా, ఒకే ఎడంతో, వెంట్రుకంత సన్నటి తెల్లచారలు. కొన్ని లైన్లలో ఆ చార సరిగ్గా ధ కింద ఉండే చిన్న గీత మీదుగా వెళ్లి దాన్ని మింగేసింది. ఫ పొట్టలో గీత, ఛ కింద వత్తు, అన్నిటికీ అదే గతి. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక చార పోయినా చదివేసుకోవచ్చు. మన లిపిలో అంత చిన్న గీత పోతే అక్షరమే మారిపోతుంది.

ఆ ప్రింటర్ చిన్నది, చవకది, రెండు కార్ట్రిడ్జ్‌లది, ఒకటి నలుపు, ఇంకొకటి మూడు రంగులూ కలిసి ఉన్నది. కొన్నప్పుడు నేను చూసుకున్నది ఒకే ఒక్క విషయం, ధర. డబ్బాతో పాటు వచ్చిన కార్ట్రిడ్జ్‌లు తొందరగానే అయిపోయాయి (వాటిలో మామూలు కార్ట్రిడ్జ్ కంటే తక్కువ ఇంకు పోసి ఇస్తారని తర్వాత తెలిసింది), కొత్త జత కొనడానికి వెళ్తే దాని ధర ప్రింటర్ ధరలో సగం దాకా ఉంది. ఇంకో రెండుసార్లు కొనేసరికి నేను ఇంకుకి పెట్టిన డబ్బు ప్రింటర్‌ని దాటిపోయింది. అసలు వ్యాపారం అదేనట, యంత్రాన్ని చవగ్గా ఇచ్చి ఇంకులో రాబట్టుకోవడం. తెలిసినవాళ్లందరికీ తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది.

ఇంకు ఖరీదు కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది రంగు కార్ట్రిడ్జ్. నేను వేసేది తొంభై శాతం నల్ల అక్షరాలే. ఒకరోజు నలుపు నిండుగా ఉండగానే ప్రింటర్ మొండికేసింది, రంగు అయిపోయింది, మార్చితే తప్ప కదలను అంది. నేను రంగు వాడనేలేదు కదా, ఎలా అయిపోయింది? ఇంకు చిమ్మే తలను, అంటే హెడ్‌ని, శుభ్రం చేసుకునే ప్రతిసారీ అది అన్ని రంగులనూ కాస్త కాస్త కక్కి పారేస్తుంది. పైగా చాలా మోడళ్లు సాదా కాగితం మీద కూడా కొన్నిసార్లు మూడు రంగులు కలిపి నలుపు తయారుచేస్తాయి. సెట్టింగుల్లో 'గ్రేస్కేల్' పెడితే కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. మధ్యలో సిరంజితో ఇంకు ఎక్కించే ప్రయోగం కూడా చేశాను. వేళ్లు వారం రోజులు నీలంగా ఉన్నాయి, చొక్కా ఒకటి పోయింది, కార్ట్రిడ్జ్ మీదున్న చిప్ మాత్రం 'ఖాళీ' అనే మాట మార్చుకోలేదు.

తెల్లచారలు మొదలయ్యాక హెడ్ క్లీనింగ్ నొక్కాను. పోలేదు. మళ్లీ నొక్కాను. ఇంకోసారి. అలా ఒక సాయంత్రంలో ఏడెనిమిదిసార్లు నొక్కి, కొత్తగా వేసిన కార్ట్రిడ్జ్‌లో సగం ఇంకు ఒక్క పేజీ వేయకుండానే పోగొట్టుకున్నాను. చివరికి బాగుచేసే అబ్బాయి దగ్గరికి తీసుకెళ్లాను. మూత తెరిచి చూసి అతను అడిగిన మొదటి ప్రశ్న, "సార్, మీరు దీన్ని ఎలా ఆపుతారు?"

"ఎలా ఏముంది తమ్ముడూ, గోడ మీద స్విచ్."

"పని అవ్వగానేనా?"

"ఆ, వెంటనే. ఊరికే కరెంటు ఎందుకని."

అతను నవ్వాడు. ప్రింటర్ లోపల కుడిపక్కన ఒక చిన్న రబ్బరు మూత ఉంటుంది, పని అయిపోయాక హెడ్ అక్కడికి వెళ్లి ఆ మూత మీద కూర్చుంటుంది, అప్పుడు దాని రంధ్రాలకు గాలి తగలదు, పెన్నుకి క్యాప్ పెట్టినట్టు. ప్రింటర్‌కి ఉన్న పవర్ బటన్ నొక్కితే అది హెడ్‌ని అక్కడ కూర్చోబెట్టి, ఆ తర్వాత ఆగుతుంది. నేనేమో ఆఖరి కాగితం బయటికి రాగానే, అది ఇంకా సర్దుకుంటుండగానే, గోడ మీద స్విచ్ కొట్టేస్తున్నాను. అంటే రోజూ రాత్రి పెన్ను మూత తీసి బల్ల మీద పడేసి పడుకుంటున్నానన్నమాట. అది చాలదన్నట్టు, అలా అర్ధాంతరంగా ఆగిన ప్రింటర్ మళ్లీ వెలిగించినప్పుడు తనంతట తానే శుభ్రం చేసుకుని ఇంకా ఇంకు తాగుతుంది. నేను కరెంటు మిగిలిస్తున్నాననుకుంటూ చేసిన పని అది. ఇలా ఇంకు చిమ్మి అచ్చువేసే ఇంకుజెట్ ప్రింటర్ ఊరికే ఉన్నప్పుడు తీసుకునే కరెంటు అసలు లెక్కలోకి రానంత.

ఆ ప్రింటర్ కథ అక్కడితో ముగిసింది. కొత్తది కొనాలి. ఈసారి తొందరపడకూడదని గట్టిగా అనుకున్నాను.

మొట్టమొదట చేసిన పని, దుకాణానికి వెళ్లకుండా, అంతకు ముందు మూడు నెలల్లో నేను వేసిన పేజీలు లెక్కపెట్టుకోవడం. ఫైళ్లు, కాగితాల కట్టలు, అన్నీ ముందేసుకుని కూర్చున్నాను. నెలకి సుమారు 250 పేజీలు తేలింది. రంగువి ఇరవై దాటవు, అవి కూడా కవర్ పేజీ నమూనాలు, మా అబ్బాయి ప్రాజెక్టులు. కానీ ఆ లెక్కలో ఇంకో సంగతి బయటపడింది, అది నాకు పేజీల సంఖ్య కంటే ముఖ్యమైంది. ఆ పేజీలు రోజూ సమానంగా పడటం లేదు. ఒక పుస్తకం వస్తే నాలుగు రోజుల్లో 200 పేజీలు, ఆ తర్వాత మూడు వారాలు ఒక్కటీ లేదు. ప్రింటర్ ఎంత పని చేస్తుంది అన్నది కాదు, ఎన్నాళ్లు పని లేకుండా కూర్చుంటుంది అన్నది నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఈ మాట మా బావమరిదికి చెబితే వాడు వెంటనే తేల్చేశాడు. "బావా, నీకు లేజర్ కావాలి. టోనర్ అంటే పొడి, ఎండిపోవడానికి అందులో తడే లేదు. ఆరు నెలలు ముట్టుకోకపోయినా పలుకుతుంది." వాడు చెప్పింది అక్షరాలా నిజం. నల్ల అక్షరాలు మాత్రమే, అదీ అప్పుడప్పుడూ వేసేవాళ్లు ఎవరైనా నన్ను అడిగితే నేను కూడా బ్లాక్ అండ్ వైట్ లేజరే తీసుకోమంటాను. కానీ నాకు రెండు అడ్డంకులు. ఒకటి రంగు, నెలకి ఇరవై పేజీలే అయినా వాటికోసం బయటికి పరుగెత్తడం నాకు ఇష్టం లేదు, రంగు లేజర్ పెట్టడానికి నా బల్ల మీద చోటు లేదు. రెండోది యూపీఎస్. లేజర్ పొడిని కాగితానికి అంటించేది వేడితో, లోపలి ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు కొన్ని వందల వాట్లు, ఒక్కోసారి వెయ్యి కూడా దాటి ఒక్కసారిగా లాగుతుంది. చిన్న యూపీఎస్‌కి దాన్ని తగిలించొద్దని యూపీఎస్ పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఇంకుజెట్ పని చేస్తున్నప్పుడు కూడా పది ఇరవై వాట్లతో సరిపెట్టుకుంటుంది. కరెంటు పోయిన పూట కూడా నా గడువు గడువే కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు.

"సరే నీ ఇష్టం, మళ్లీ ఎండిపోతే నా దగ్గరికి రాకు," అన్నాడు. వాడు ఆ నెలలోనే బ్లాక్ అండ్ వైట్ లేజర్ కొనుక్కున్నాడు.

ఇంకుజెట్ అని తేల్చుకున్నాక, అసలు ఇది ఎలా పనిచేస్తుందో చదివాను. ఇందులో రెండు జాతులున్నాయి. ఒకదానిలో ఇంకుని మైక్రోసెకన్లలో వేడెక్కించి ఒక బుడగ పుట్టిస్తారు, ఆ బుడగ చుక్కని బయటికి తోస్తుంది. కెనాన్, హెచ్‌పీ ఈ దారిలో వెళ్లాయి. కెనాన్ వాళ్లు దీనికి చెప్పే పుట్టుకథ సరదాగా ఉంటుంది. 1977లో వాళ్ల పరిశోధనశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలితే సూది చివర నుంచి ఇంకు చిమ్మిందట. (నేను కూడా సిరంజీ ఇంకూ పట్టుకుని కూర్చున్నవాడినే, నాకు చొక్కా మాత్రమే పోయింది.) రెండో జాతిలో వేడి ఉండదు, కరెంటు తగిలితే కాస్త వంగే పీజో పలక ఒకటి ఇంకుని నొక్కి బయటికి పంపుతుంది, ఎప్సన్, బ్రదర్ ఇలా చేస్తాయి. ఏ జాతిదైనా చుక్క పరిమాణం పికోలీటర్లలో, అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు లెక్కల్లో ఉంటుంది. అంత సన్నటి రంధ్రం వారాలపాటు ఊరికే ఉంటే ఎండిపోక ఏమవుతుంది?

కొనేవాడికి ఈ బుడగా పలకా తేడా కంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది, హెడ్ ఎక్కడుంది అని. కొన్నిటిలో హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికించి ఉంటుంది, అది ఎండిపోతే కార్ట్రిడ్జ్ మారిస్తే సరి, కొత్త హెడ్ వచ్చినట్టే. అందుకే ఆ కార్ట్రిడ్జ్‌లు అంత ఖరీదు. ఇంకొన్నిటిలో హెడ్ ప్రింటర్‌లోనే ఉండిపోతుంది, మనం పోసేది ఇంకు మాత్రమే. ఇంకు చవక, కానీ హెడ్ పాడైతే ఆ ఖర్చుకి కొత్త ప్రింటర్ మీదకి మనసు పోతుంది. కార్ట్రిడ్జ్ బదులు సీసాలోంచి ఇంకు పోసుకునే ఇంకు ట్యాంకు ప్రింటర్లలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే.

నా పేజీల లెక్కకి ట్యాంకే సరైనదని తేలింది. నల్ల ఇంకు సీసా ఒక్కటి మోడల్‌ని బట్టి 4,500 నుంచి 7,500 పేజీల దాకా వస్తుందని రాస్తున్నారు, నా పాత కార్ట్రిడ్జ్ రెండు వందల పేజీలు కూడా చూడలేదు. ట్యాంకు ప్రింటర్ మొదట కొన్నప్పుడు జేబుకి బరువే, చవక మోడల్ కంటే రెండింతలు మూడింతలు. నెలకి పది పేజీలు వేసే ఇంట్లో ఆ తేడా ఎప్పటికీ రాదు. నాకు ఏడాది తిరగకుండానే వచ్చేసింది.

సీసా మీద అంకెల గురించి ఒక మాట. అవి గాలిలోంచి తెచ్చినవి కావు. కార్ట్రిడ్జ్‌లకి ఐఎస్ఓ ఐఈసీ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐదు పేజీల నమూనాని మూడు ప్రింటర్లలో, ఒక్కోదానిలో మూడు కార్ట్రిడ్జ్‌లు అయిపోయేదాకా వరసగా వేసి సగటు కడతారు. సీసాలకి కంపెనీలు అవే నమూనా పేజీలతో తమ సొంత పద్ధతిలో లెక్క కడతాయి, అదీ వరసగా వేస్తే అన్న లెక్కే. ఆ 'వరసగా' అన్న మాటలోనే ఉంది మెలిక. మనం వరసగా వేయం. రోజుకి రెండు పేజీలు వేస్తాం, మధ్యలో అది గొంతు సవరించుకుంటుంది, ఆ ఇంకు లెక్కలో లేదు. ట్యాంకు ప్రింటర్లలో మొదటి సీసాలు ఇంకా తక్కువ పేజీలిస్తాయి, కొంత ఇంకు లోపలి గొట్టాలు నింపడానికే పోతుంది. కాబట్టి ఆ అంకెని రెండు మోడళ్లు పోల్చుకోవడానికి వాడుకోవాలి, మన ఇంట్లో అన్నే వస్తాయని ఆశపడకూడదు. వేగం కూడా అంతే, పెట్టె మీద పెద్ద అక్షరాలతో నిమిషానికి 33 పేజీలు అని ఉంటుంది, అది తక్కువ ఇంకుతో లేతగా వేసే డ్రాఫ్ట్ మోడ్‌లో, దాదాపు ఖాళీ పేజీకి. కింద చిన్న అక్షరాలతో 'ఐపీఎం' (నిమిషానికి ఇన్ని పేజీల బొమ్మలు) అని పది దగ్గర్లో ఇంకో అంకె ఉంటుంది, అదే మనకి నిజంగా వచ్చే వేగం. అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే 4800 డీపీఐ, 5760 డీపీఐ అనే అంకెలనైతే నేను చదవడమే మానేశాను.

నేను పట్టుబట్టి వెతికిందేమిటంటే నల్ల ఇంకు పిగ్మెంటా, డైనా అని. డై అంటే నీళ్లలో చక్కెరలా పూర్తిగా కరిగిపోయిన రంగు, కాగితం పీల్చుకుంటుంది, అక్షరం అంచులు కాస్త పాకుతాయి, తడి తగిలితే చెదిరిపోతుంది. పిగ్మెంట్ అంటే కరగని రేణువులు, కాగితం పైనే నిలబడతాయి, అక్షరం అంచు కత్తిరించినట్టు ఉంటుంది. నా పనిలో హైలైటర్ తప్పదు. డై ఇంకు మీద పసుపు హైలైటర్ గీస్తే నలుపు బురదలా ఈడ్చుకుంటూ వస్తుంది, హైలైటర్ మొన కూడా నల్లబడుతుంది. దుకాణంలో నమూనాగా వేసి ఇచ్చిన పేజీ మీద నా హైలైటర్ తీసి గీశాను. అమ్మే కుర్రాడు వింతగా చూశాడు, అయినా సరే. రెండు మోడళ్లలో ఒకటి అక్కడే తేలిపోయింది. నేను తీసుకున్నదానిలో నలుపు పిగ్మెంటు, మిగతా మూడు రంగులూ డై. ఇలాంటి కలయిక ట్యాంకు ప్రింటర్లలో మామూలే, కానీ నాలుగూ డై అయినవి కూడా అదే అరలో, అదే రూపంతో ఉంటాయి, అడిగితే గానీ చెప్పరు.

మిగతావి తొందరగా అయిపోయాయి. కాగితానికి రెండువైపులా తనే వేయడం కావాలి, ఉంది. పైన కాగితాలు పెడితే వరసగా లాక్కుని స్కాన్ చేసే ఏడీఎఫ్ కావాలి, ఉంది, ఒక వైపే చేస్తుంది, ఫర్వాలేదు. ఫ్యాక్స్ వద్దు. వేస్ట్ ఇంకు పెట్టెను మనమే మార్చుకునే వీలుందా అని మాత్రం అడిగి మరీ చూసుకున్నాను. క్లీనింగ్‌లో కక్కిన ఇంకంతా లోపల ఒక స్పాంజిలోకి పోతుంది, అది నిండిందని లెక్క తేలగానే ప్రింటర్ మొత్తంగా ఆగిపోతుంది. కొన్నిటిలో ఆ స్పాంజి మార్చాలంటే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలి, కొన్నిటిలో వెనక చిన్న పెట్టె ఒకటి లాగి కొత్తది తోస్తే సరిపోతుంది.

ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం మా అబ్బాయి, నేను కలిసి విప్పాం. అంటించిన టేపులు ఎన్నో, అన్నీ తీశామనుకున్నాక కూడా స్కానర్ మూత కింద ఇంకోటి దొరికింది. ఇంకు పోయడానికి నేను పాత వార్తాపత్రికలు పరిచి, పాత చొక్కా వేసుకుని, పెద్ద యుద్ధానికి సిద్ధమైనట్టు కూర్చున్నాను. తీరా చూస్తే సీసా తలకిందులు చేసి పెడితే దానంతట అదే దిగి, నిండగానే ఆగిపోయింది. ఏ రంగు సీసా ఆ రంగు రంధ్రంలోకే పడుతుంది, పొరపాటుకి చోటే లేదు. ఆ తర్వాత ఇంకుని గొట్టాల్లోకి లాక్కోవడానికి పది నిమిషాల పైన పట్టింది, గురగురమని శబ్దాలు. ఆ సమయంలో ఆపొద్దు, కదపొద్దు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను గోడ స్విచ్ మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించాను. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంకు కంటే వైఫై ఎక్కువ ఏడిపించింది. పాస్‌వర్డ్ సరైనదే, అయినా ప్రింటర్‌కి మా నెట్‌వర్క్ కనిపించదు. గంటన్నర తర్వాత తట్టింది, ప్రింటర్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటుంది, నేనేమో రౌటర్‌లో ఎప్పుడో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉంచి రెండోది తీసేశాను. అది పెట్టగానే కలిసిపోయింది. రెండు వారాల తర్వాత ఇంకో తలనొప్పి, ఎదురుగా దీపం వెలుగుతూ ఉన్న ప్రింటర్‌ని కంప్యూటర్ 'ఆఫ్‌లైన్' అంటుంది. రౌటర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ప్రింటర్‌కి కొత్త ఐపీ అడ్రస్ ఇస్తోంది, కంప్యూటర్ పాత చిరునామాకే ఉత్తరాలు వేస్తోంది. రౌటర్ సెట్టింగుల్లో ప్రింటర్‌కి ఒకే అడ్రస్ ఖాయం చేసి, కంప్యూటర్‌లో పాత ప్రింటర్‌ని తీసేసి ఆ అడ్రస్‌తోనే మళ్లీ చేర్చాను. ఆ తర్వాత ఆ మాట మళ్లీ వినలేదు.

వాడకంలోకి వచ్చాక మొదట నేర్చుకున్నది డ్రాఫ్ట్ మోడ్ మానెయ్యడం. ఇంకు మిగులుతుంది, వేగం బాగుంటుంది, కానీ పది పాయింట్ల తెలుగు అక్షరం డ్రాఫ్ట్‌లో వేస్తే వత్తులు పొగలా ఉంటాయి. క వత్తు, త వత్తు ఊహించుకోవాలి. మళ్లీ ధ కథే. ఉత్తరాలకి, బిల్లులకి డ్రాఫ్ట్ చాలు, ప్రూఫులకి 'నార్మల్' తప్పదు. ఇంకో సంగతి, కొన్ని పాత ఫాంట్ల పీడీఎఫ్‌లు తెర మీద బాగానే ఉండి ప్రింటులో అక్షరాలు విడిపోయి వస్తాయి, గుడి ఒకచోట, అక్షరం ఒకచోట. ప్రింట్ చేసే పెట్టెలో 'ఇమేజ్‌గా ప్రింట్' అనేది టిక్ పెడితే పేజీని బొమ్మలా పంపుతుంది, కాస్త నెమ్మది, కానీ తెర మీద ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఈ ఒక్క చిట్కా తెలియక గతంలో ఎన్ని పేజీలు చించి పారేశానో.

కాగితం దగ్గర కక్కుర్తి పడ్డాను, ఒప్పుకుంటాను. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల) కాగితం రెండువైపులా వేస్తే అవతలి అక్షరాలు నీడల్లా ఇవతలికి కనిపించి చదువుతుంటే కళ్లు లాగేవి. 80కి మారాక హాయి. వానల్లో కట్ట విప్పి ట్రేలోనే వదిలేస్తే కాగితం తేమ పీల్చుకుని రెండేసి మూడేసి కలిసి వెళ్లేవి, ఇప్పుడు యాభై కాగితాలు మాత్రం పెట్టి, మిగతావి కవర్లో చుట్టి ఉంచుతాను. ఒకవైపు వాడేసిన కాగితాలు మళ్లీ వేసే అలవాటు కూడా ఒక స్టేపిల్ పిన్ను లోపలికి వెళ్లినప్పుడు పోయింది. ఆ పిన్ను తీయడానికి వెనక మూత తెరిచి, టార్చి పట్టుకుని, మా ఆవిడ కనుబొమలు సర్దుకునే పట్టకారుతో లాగాను. కాగితం ఇరుక్కున్నా అంతే, అది వెళ్లే దిక్కులోనే, రెండు చేతులతో, మెల్లగా లాగాలి. చిరిగితే ఆ చిన్న ముక్క కోసం ఇంకో గంట.

ఎనిమిదో నెలలో అసలు పరీక్ష వచ్చింది. ఇంట్లో పనుల వల్ల నెలన్నర ఊళ్లో లేము. తిరిగొచ్చి నాజిల్ చెక్, అంటే హెడ్‌లో ఏ రంధ్రాలు మూసుకుపోయాయో మెట్ల గీతలతో చూపే పేజీ, వేస్తే నలుపు మెట్లలో ఆరేడు మెట్లు లేవు, పసుపు సగం లేదు. నా కడుపులో దడ. బావమరిది మాట కూడా గుర్తొచ్చింది. ఈసారి మాత్రం పాతలా ఎనిమిదిసార్లు నొక్కలేదు. ఒకసారి క్లీనింగ్, ఒకసారి నాజిల్ చెక్, ఏమన్నా మెరుగు ఉందా లేదా చూడటం, ఉంది. రెండోసారి, ఇంకొంచెం. మూడోసారికి మార్పు లేదు. అక్కడ ఆపేశాను. బటన్‌తో ఆపి, పన్నెండు గంటలు వదిలెయ్యమని మాన్యువల్‌లోనే ఉంది. ఆ వ్యవధిలో కొత్త ఇంకు ఎండిన ఇంకుని నానబెడుతుంది, గొట్టంలో చిక్కిన గాలి బుడగలు సర్దుకుంటాయి. మనం తొందరపడి వరసగా నొక్కితే ఆ నానే సమయం దొరకదు, ఇంకేమో వేస్ట్ పెట్టెలోకి పోతుంది. రాత్రంతా ఉంచి పొద్దున్న ఒక్క క్లీనింగ్ చేస్తే నలుపు మొత్తం వచ్చేసింది, పసుపులో ఒక్క మెట్టు మిగిలింది, అది కూడా నాలుగు రంగు పేజీలు వేసేసరికి తెరుచుకుంది. మొదటి ప్రింటర్‌ని నేను అదే ఓపికతో చూసి ఉంటే బతికేదేమో.

అప్పటినుంచి ఒక పేజీ తయారుచేసి పెట్టుకున్నాను. కంపెనీ ఇచ్చే పరీక్ష పేజీ కాదు, నా సొంతది. పైన నాలుగు రంగుల పట్టీలు, ఒక్కోటి వేలెడు వెడల్పు. కింద ధ, థ, ఫ, ఛ, ఢ అక్షరాలు ఎనిమిది పాయింట్ల నుంచి పద్నాలుగు దాకా, ఆ కింద వత్తుల వరస. ప్రతి ఆదివారం ఒక కాపీ. పట్టీలో చార ఉంటే రంగు పోతోందని తెలుస్తుంది, ధ కింద గీత ఉందో లేదో చూస్తే నా పనికి సరిపోతుందో లేదో తెలుస్తుంది. వారానికి ఒక పేజీకి అయ్యే ఇంకు, ఒక్క క్లీనింగ్‌కి అయ్యే ఇంకులో ఏ మూలకీ రాదు. ఆ కాగితాల వెనకవైపు మా అబ్బాయి లెక్కలకి పనికొస్తాయి, వాడి లెక్కల నోట్సంతా ఒక పక్క ధలే.

స్కానర్ గురించి రెండు ముక్కలు చెబుతాను, ఎందుకంటే నేను ప్రింటర్ కోసం కొన్నాను గానీ రోజూ వాడేది స్కానరే. దిద్దిన ప్రూఫులు ఇప్పుడు కొరియర్‌లో పంపడం లేదు, ఏడీఎఫ్‌లో పెడితే 40 పేజీలు ఒక పీడీఎఫ్ అయిపోతాయి. మొదట్లో గొప్పకి 600 డీపీఐలో చేసి, ఈమెయిల్‌కి ఎక్కనంత ఫైళ్లు తయారుచేశాను. అక్షరాలకి 300 ధారాళంగా చాలు. ఎర్ర పెన్ను దిద్దుబాట్లు కనపడాలి కాబట్టి రంగులోనే చేయాలి, బ్లాక్ అండ్ వైట్‌లో చేస్తే నా ఎరుపు అచ్చు నలుపులో కలిసిపోతుంది, అదీ ఒకసారి జరిగింది, ఎడిటర్ గారు మళ్లీ అంతే మర్యాదగా ఫోన్ చేశారు. స్కానర్ అద్దం పక్కన సన్నటి గాజు పట్టీ ఒకటుంటుంది, ఏడీఎఫ్‌లో వెళ్లే కాగితాన్ని చదివేది అదే. దాని మీద చిన్న మరక పడితే ప్రతి పేజీలోనూ పైనుంచి కిందకి ఒక గీత వస్తుంది. నేను రెండు రోజులు ప్రింటర్ చెడిపోయిందనుకుని టెన్షన్ పడ్డాను, తీరా వైట్‌నర్ చుక్క.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. రెండువైపులా వేసేటప్పుడు ఇంకు ఆరడానికని ప్రతి పేజీ దగ్గరా ఆగి ఆలోచిస్తుంది, 200 పేజీల పుస్తకమైతే నేను వేసి వేరే పని చూసుకుంటాను. గ్లాసీ కాగితం మీద నల్ల పిగ్మెంటు పనికిరాదు, అప్పుడు రంగులు కలిపి నలుపు చేస్తుంది, ఫోటోల్లో నల్ల జుట్టు కొంచెం గోధుమరంగుకి తిరుగుతుంది. దాని తెర మీద మెనూలు ఎవరు రాశారో గానీ, ఏది ఎక్కడుందో నాకు ఇప్పటికీ గుర్తుండదు. అప్‌డేట్ పెట్టనా అని వారానికోసారి అడుగుతుంది, పాత ప్రింటర్‌లో ఒక అప్‌డేట్ తర్వాత బయటి కంపెనీ కార్ట్రిడ్జ్ పని చేయడం మానేసిన చేదు ఉంది కాబట్టి, ఏమి మారుతుందో చదవకుండా ఒప్పుకోను.

రెండేళ్లు దాటింది. లోపలి లెక్క 6,300 పేజీలు చూపిస్తోంది, నల్ల సీసా రెండోది నడుస్తోంది, రంగులు కొన్నప్పుడు వచ్చినవే ఇంకా అడుగున ఉన్నాయి.

మొన్న శనివారం రాత్రి బావమరిది ఫోన్ చేశాడు. వాడి కూతురికి సోమవారం స్కూల్లో సౌర కుటుంబం బొమ్మ ఇవ్వాలట, రంగుల్లో. "బావా, మా లేజర్‌లో వేస్తే గ్రహాలన్నీ బూడిద రంగులో వస్తున్నాయి, ఒక్క కలర్ పేజీ..." అని నసిగాడు.

"పంపరా," అన్నాను. "ఎలాగూ ఈ వారం పరీక్ష పేజీ ఇంకా వేయలేదు."